తుర్కులు ఓరుగల్లుకు ఎందుకొచ్చిన్రు?

(వరంగల్‌ల విద్యార్థులు, ఉద్యోగుల కోసం పెట్టిన అధ్యయన తరగతిల చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున గేటు కాడ దిగుతుంటే డిగ్రీ చదివే ఒక తమ్ముడు నన్ను నిలబెట్టి అడిగిండు. "సార్, మన కాకతీయ రాజ్యాన్ని కూలగొట్టింది తుర్కులే గదా. మరి ఉద్యమంల మనం గంగా జమునా తెహజీబ్ అని ఎట్ల మాట్లాడినం? రెండిట్ల ఏదో ఒకటి అబద్ధం కావాలె గదా?" ఆ పిల్లగాడు కయ్యానికి అడగలేదు. నిజంగనే తెలుసుకుందామని అడిగిండు. నేను మాట్లాడుదామని రాసుకొచ్చిన కాయితం వేరే ఉన్నది. దాన్ని జేబుల పెట్టిన. ఇయ్యాల ఈ ప్రశ్న మీదనే మాట్లాడుత.

ముందుగాల ఒకటి ఒప్పుకోవాలె. ఈ ప్రశ్నను మనం తప్పించుకుంట వచ్చినం. ఉద్యమ సభలల్ల తెలంగాణ చరిత్ర అంటే కాకతీయుల గొలుసుకట్టు చెరువులు చెప్పినం. ఆడికెల్లి ఒక్క దుంకు దుంకి కుతుబ్‌షాహీల చార్మినారు కాడ దిగినం. నడుమ 1323 అనే సంవత్సరం ఒకటి ఉన్నదని యాది చెయ్యలేదు. 2014ల రాష్ట్రం వచ్చినప్పుడు చిహ్నంల ఓరుగల్లు తోరణాన్నీ చార్మినారునూ రెండిటినీ పెట్టుకున్నం. మంచిగనే పెట్టుకున్నం. కానీ ఆ తోరణం ఒంటరిగ ఎందుకు నిలబడ్డది, దాని నడుమ ఉండాల్సిన గుడి ఏమైంది అని పిల్లలు అడిగితే మన కాడ జవాబు లేదు. మనం చెప్పకపోతే ఇంకొకడు చెప్తడు. వాడు చెప్పే తీరు వేరే ఉంటది.

బజార్ల రెండు జవాబులు తయారుగ దొరుకుతయి. వాళ్లు మతం కోసమే వచ్చిన్రు, గుళ్లు కూలగొట్టటానికే వచ్చిన్రు అనేది ఒకటి. మతం లేదు గితం లేదు, ఒట్టి దోపిడీ, గుళ్లల్ల బంగారం ఉండె గాబట్టి గుళ్ల మీద పడ్డరు, అంతే అనేది రెండోది. మొదటిదాన్ని ఒప్పుకోనోళ్లు చానమంది రెండోదాన్ని పట్టుకుంటరు. నేను కూడ చాన ఏండ్లు రెండోదే చెప్పిన. అది సగమే నిజమని ఇప్పుడు అనిపిస్తున్నది.

గజనీల జీతాలు ఎవరిచ్చిన్రు?

ఇక్కడ ఉద్యోగులు మస్తుమంది కూసున్నరు. మీకు అలవాటైన తొవ్వలనే పోదాం. ఏ సర్కారునైనా అర్థం చేసుకోవాలంటే దాని జీతాల బిల్లు చూడాలె. ఎంతమందికి ఇస్తున్నది, ఆ పైసలు యాడికెల్లి వస్తున్నయి. మనం 1969కెల్లి ఇదే అడిగినం. మిగులు నిధుల లెక్క తేల్చటానికి ఆ ఏడు లలిత్ కుమార్ కమిటీ వేసిన్రు, భార్గవ కమిటీ వేసిన్రు. లెక్క అడుగుడు మనకు కొత్త కాదు. అదే లెక్క వెయ్యేండ్ల కిందటోళ్లను కూడ అడుగుదాం.

మహమూద్ గజనీ 998ల గద్దెనెక్కిండు. గజనీ అంటే అఫ్ఘాన్ కొండల నడుమ ఊరు. ఎండకాలం బాగుంటది, చలికాలం మంచు. చుట్టు పండే భూమి తక్కువ. ఆయన ఫౌజు మాత్రం ఊర్లకెల్లి పిలిస్తే వచ్చి పంట కాలానికి ఇంటికి పోయే రైతుల ఫౌజు కాదు. తుర్కు పిల్లలను బానిసలుగ కొని, గుర్రం మీద విలువిద్య నేర్పి తయారు చేసిన ఫౌజు. ఏడాదంత తిండి పెట్టాలె, జీతం ఇయ్యాలె. ఇయ్యకుంటే వాళ్లే సుల్తాన్ను మారుస్తరు.

మరి ఆ ఫౌజు ఎవరి మీదికి? మహమూద్ అసలు కన్ను మన దిక్కు లేదు. ఖురాసాన్ మీద ఉన్నది, ఆమూ నది అవతల ఉన్నది. అక్కడ ఆయనతోని కొట్లాడింది కరాఖానీ తుర్కులు, వాళ్లూ ముసల్మాన్లే. ఆ కొట్లాటకు పైసలు కావాలె, ఏనుగులు కావాలె. రెండూ హిందుస్థాన్‌ల దొరుకుతయి. 1001ల పెషావరు కాడ జయపాలుని ఓడగొట్టిండు. 1008ల బల్ఖ్ కాడ కరాఖానీలతోని యుద్ధమైతే ఈడికెల్లి తోలుకపోయిన ఏనుగులను ముందట నిలబెట్టిండు. ఏనుగును ఎన్నడు చూడని ఆ గుర్రాలు బెదిరినయి. అంటే మన ఏనుగులు పోయి ముసల్మాన్ మీద ముసల్మాన్‌ను గెలిపించినయి.

1025–26 చలికాలంల ఎడారి దాటి సోమనాథకు వచ్చిండు. గుడిని దోచిండు, లింగాన్ని పగలగొట్టిండు. ఇది దాచేది లేదు. ఆయన ఆస్థానపోళ్లు దాన్ని దాచలేదు సరిగదా, గొప్పగ చెప్పుకున్నరు. అదే మహమూద్ 1006ల, మళ్లా 1010ల ముల్తాన్ మీద పడ్డడు. అక్కడ ఏలేటోడు ఇస్మాయిలీ ముసల్మాను. 1029ల ఇరాన్‌ల రయ్ నగరాన్ని దోచి అక్కడి గ్రంథాలయం పుస్తకాలు కాలబెట్టిచ్చిండు. వాళ్లూ ముసల్మాన్లే, షియాలు. ఇంకో దిక్కు, లాహోరు కాడ ఆయన కొట్టించిన వెండి నాణెం మీద ఒక పక్క అరబ్బీ ఉంటది, ఇంకో పక్క సంస్కృతం ఉంటది. మహమ్మదును అవతారమని సంస్కృతంల రాసుకున్నరు. కొత్తగ గెలిచిన జాగల సౌకారు చేతిల చెల్లాలంటే సౌకారుకు తెలిసిన అక్షరం ఉండాలె గదా. ఆయన కొడుకు మసూద్ కాలంల పంజాబుల తుర్కు సేనాని ఒకడు తిరగబడితే, అణచటానికి పంపింది తిలక్ అనే హిందూ సేనానిని. ఆ తిలక్ మంగలి ఇంట్ల పుట్టినోడని బైహకీ రాసిండు. ఇక్కడి రాజుల కొలువుల ఆయనకు సేనాని పదవి వచ్చేదా అని ఎవరికి వాళ్లు ఆలోచించుకోండ్రి.

ఇదంత చెప్పి నేను మునుపు ఏమనేటోన్నంటే, చూసిన్రా, మతం ఒట్టి బోర్డు, లోపట దుకాణం వేరే అనేటోన్ని. కానీ ఒక సంగతి ఆ లెక్కల సరిగ ఇమడలేదు. మహమూద్ ఫౌజు వెంట జీతగాళ్లే కాదు, ఘాజీలు అని స్వచ్ఛందంగ వచ్చినోళ్లు వేలమంది ఉండేటోళ్లు. మధ్య ఆసియా ఊర్లకెల్లి వచ్చేటోళ్లు. వాళ్లకు జీతం లేదు. దొరికిన లూటీల వాటా, చచ్చిపోతే స్వర్గం. అంటే మతం ఆయనకు జీతం లేని సిపాయిలను తెచ్చిపెట్టింది. బాగ్దాద్ ఖలీఫా కాడికెల్లి బిరుదులు తెచ్చిపెట్టింది. దుకాణానికి బోర్డు పనిచెయ్యదా? బోర్డు చూసే గిరాకీ వస్తది. అందుకని మతం లేనే లేదనేది తప్పు. మతమే అసలు కారణమనేది అంతకంటె పెద్ద తప్పు.

పోయేటోడు, ఉండేటోడు

ఘోరీ ముచ్చట వేరే. ఘోర్ గజనీ కంటె బీద కొండ ప్రాంతం. వీళ్లకు గజనీతోని పగ. 1150 ప్రాంతంల ఘోరీ సుల్తాను గజనీని తగులబెట్టి జహాన్‌సోజ్, అంటే లోకాన్ని కాల్చినోడు అని పేరు తెచ్చుకున్నడు. కాలిపోయిన ఆ గజనీల సగం సొమ్ము మన దేశపుదే. ముహమ్మద్ ఘోరీ 1175ల ముల్తాన్ పట్టిండు, 1178ల గుజరాత్‌ల దెబ్బతిన్నడు, 1186ల లాహోరును గజనీ వంశం చేతులకెల్లి గుంజుకున్నడు, 1191ల తరాయిన్‌ల ఓడి 1192ల అక్కడనే పృథ్వీరాజును గెలిచిండు. ఆయన బంగారు నాణేల మీద కూసున్న లక్ష్మీదేవి బొమ్మ అట్లనే ఉంచిండు. కారణం మహమూద్‌ది చెప్పిన కారణమే.

కానీ ఘోరీ బానిసలు వాపసు పోలేదు. ఢిల్లీల నిలబడ్డరు. 1221ల చెంగిజ్ ఖాన్ సింధు నది దాక వచ్చినంక వాళ్లు పోదామన్నా పోయే ఇల్లు లేకుంట అయింది. ఆ దిక్కు ఊర్లన్ని మంగోలులు నేలమట్టం చేసిన్రు. గజనీ మహమూద్ దోచిన పైసలు కొండలు దాటిపోయినయి. ఢిల్లీ సుల్తానుల పైసలు ఢిల్లీలనే ఖర్చయినయి. పుస్తకాలల్ల ఈ తేడాను పెద్దగ రాస్తరు. నిజమే, పెద్ద తేడానే. కాకపోతే ఓరుగల్లు కాడ నాగలి పట్టినోనికి గజనీ ఎంత దూరమో ఢిల్లీ కూడ అంతే దూరం.

ఇప్పుడు అల్లాఉద్దీన్ ఖల్జీ కాడికి వద్దాం. మన కథ ఈయనతోనే మొదలైతది.

1296ల ఈయన కడా సుబేదారు. గద్దె మీద ఉన్నది మామ జలాలుద్దీన్. మామకు చెప్పకుంట, ఎనిమిది వేల గుర్రాల లోపు ఫౌజుతోని వింధ్య దాటి దేవగిరి మీద పడ్డడు. యాదవ రామచంద్రుని కాడ మణుగుల కొద్ది బంగారం పట్టుకున్నడు. అది తీసుకొని ఢిల్లీకి అప్పజెప్పలేదు. మామను చంపిచ్చి, తొవ్వ పొడుగునా బంగారం చల్లుకుంట పోయి గద్దెనెక్కిండు. ఈ దండయాత్రల మతమెంత, మామను చంపేటందుకు కావాల్సిన ఖర్చెంత, మీరే చెప్పండ్రి.

గద్దెనెక్కినంక మంగోలులు. 1299ల ఢిల్లీ అంచుల దాక వచ్చిన్రు. 1303ల ఢిల్లీనే ముట్టడించిన్రు. మంగోలులను ఆపాలంటే పెద్ద ఫౌజు నిత్యం తయారుగ ఉండాలె. బరనీ రాసిన లెక్క ప్రకారం ఒక గుర్రపు సిపాయికి ఏడాదికి 234 తంకాల జీతం, రెండో గుర్రం ఉంటే ఇంకో 78. ఫెరిష్తా ఆ ఫౌజు 4,75,000 గుర్రాలన్నడు. అది ఎక్కువ చేసి చెప్పిందే అనుకుందాం. సగం కొట్టేసినా ఏడాదికి అయిదున్నర కోట్ల తంకాలు. దోఆబుల పంటల సగం శిస్తు చేసిండు. అయినా సాలలేదు. అప్పుడు ఏం చేసిండు? జీతం పెంచకుంట ధరలు కట్టడి చేసిండు. గోధుమ మణుగు ఏడున్నర జీతల్‌లు, అంతకు పైసా ఎక్కువ అమ్మితే తోలు ఒలుస్తరు. కరువుభత్యం ఎగ్గొట్టే ఉపాయం అని ఉద్యోగ సోదరులు నవ్వుతున్నరు. నిజంగ అదే ఉపాయం.

ఈయనకు మొదట్ల రెండు పిచ్చి ఆలోచనలు ఉండె. కొత్త మతం పెట్టాలె, సికందరు తీరు లోకమంత గెలువాలె. ఢిల్లీ కొత్వాలు అలాఉల్‌ముల్క్ వద్దని చెప్పిండు. మతం పెట్టుడు రాజుల పని కాదు, ముందు మంగోలులను ఆపు, పక్కనున్న కోటలు పట్టు అన్నడు. కాజీ ముఘీసుద్దీన్‌తోని అయిన మాటలల్ల అల్లాఉద్దీన్ ఉన్నదున్నట్టు చెప్పిండని బరనీ రాసిండు. ఇది శరియత్‌కు సరిపోతదో లేదో నాకు ఎరుక లేదు, రాజ్యానికి ఏది పనికొస్తే అది చేస్త అన్నడట. మతం కోసం దేశాన్ని గెలిచిండని చెప్పేటోళ్లు గీ సుల్తాన్ను అడిగితే ఆయనే ఒప్పుకోడు.

ఓరుగల్లుల ఏమున్నది?

జీతాల బిల్లు తెలిసింది గదా. ఇప్పుడు ఓరుగల్లు ఎందుకో చెప్పటం తేలిక. ఈడ ఏనుగులున్నయి, చెరువుల కింద వరి ఉన్నది, వజ్రాలు ఉన్నయి, మోటుపల్లి రేవు ఉన్నది. 1244 ప్రాంతంల గణపతిదేవుడు మోటుపల్లిల వేయించిన అభయ శాసనం చదవండ్రి. సముద్రం మీద వచ్చే వర్తకునికి భయం లేదు, సుంకం ఇంతే అని రాయి మీద చెప్పిచ్చిండు. ఆ రేవును మార్కో పోలో కూడ పేర్కొన్నడు. సుంకం వచ్చే రాజ్యాన్ని ఎవడు విడిచిపెడతడు?

ఇరవై ఏండ్లల్ల ఐదు సార్లు వచ్చిన్రు. 1303ల వంగ దేశం దిక్కుకెల్లి వచ్చిన సేన వానల దెబ్బతిని వాపసు పోయింది. 1309 అక్టోబరు చివర మాలిక్ కాఫూర్ ఢిల్లీల బయలెల్లిండు. ఈ కాఫూర్ పుట్టుక తుర్కు కాదు, అఫ్ఘాను కాదు. గుజరాత్‌ల ఖంభాత్ కాడ పట్టుకొచ్చిన బానిస. ఆయనకు తొవ్వల సరుకులు, సాయం సమకూర్చింది ఎవరు? దేవగిరి యాదవ రామచంద్రుడు. పద్నాలుగు ఏండ్ల కింద దోపిడీ అయిన అదే రామచంద్రుడు ఇప్పుడు ఢిల్లీ ఇచ్చిన రాయ్ రాయాన్ బిరుదు పెట్టుకొని, ఓరుగల్లు మీదికి పోయే ఫౌజుకు అంగడి పెట్టిచ్చిండు. యాదవులకు కాకతీయులకు తాతల నాటి పగ. హిందూ రాజులందరు ఒక్కటై ఎదురు నిలిచిన్రనే సినిమా కథ ఈడనే ముగిసిపోతది.

అల్లాఉద్దీన్ కాఫూర్‌కు ఏం చెప్పి పంపిండో బరనీ రాసిండు. రాయడు ఖజానా, ఏనుగులు, గుర్రాలు ఇచ్చి ఏటేటా కప్పం కడతానంటే ఒప్పుకో, మరీ గట్టిగ పట్టుబట్టకు. రాజ్యం కలుపుకొమ్మనలేదు, మతం మార్చమనలేదు. వసూలు చేసుకొని రమ్మన్నడు.

1310 జనవరిల ముట్టడి. అమీర్ ఖుస్రో వర్ణన చదివితే మనకు గర్వంగనే ఉంటది. మన మట్టికోట మీద రాతిగుండు పడితే కాయ తీరు ఎగిరి వాపసు వచ్చేదన్నడు. శత్రువు కవి ఒప్పుకున్నడంటే అది కట్టిన ఒడ్డెరోళ్ల పనితనం చూడండ్రి. కడకు మట్టికోట దాటిన్రు, రాతికోట కాడ ప్రతాపరుద్రుడు సంధికొచ్చిండు. బంగారంతోని తన బొమ్మ చేయించి, మెడల గొలుసు వేసి పంపిండని ఖుస్రో రాసిండు. 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఇచ్చిండని బరనీ లెక్క. వెయ్యి ఒంటెల మీద సొమ్ము ఎత్తుకపోయిన్రు. కోహినూరు ఈడికెల్లే పోయిందని మనోళ్లు ఉపన్యాసాలల్ల చెప్తరు. దానికి గట్టి సాక్ష్యం లేదు, చెప్పకపోతేనే మంచిది. వెయ్యి ఒంటెలు సాలవా?

ఏడు వేల గుర్రాలంటే ఏందో ఒక్క నిమిషం ఆగి ఆలోచించండ్రి. మన నేల మీద మంచి యుద్ధపు గుర్రం పుట్టదు. అరబ్బు దేశాలకెల్లి, పారసీకంకెల్లి ఓడల మీద రావాలె. ఒక్కొక్క గుర్రం వెనుక ఎన్నో పుట్ల వడ్లు ఉన్నయి. ఆ వడ్లు చెరువు కింద ఎవరు పండిచ్చిన్రో వాళ్ల పేర్లు ఏ శాసనంల లేవు. సుల్తాను రాజును దోచిండు అంటం. రాజు కాడ ఉన్నది ఎవరిది? ఏటేటా కప్పం అంటే రెండోసారి శిస్తు. ఇక్కడి నాయకులకు ఒకటి, ఢిల్లీకి ఒకటి.

ఉద్యమం రోజులల్ల ఒకరిద్దరు ఉపన్యాసకులు సీమాంధ్ర పాలకులను మాలిక్ కాఫూర్‌తోని పోల్చేటోళ్లు. చప్పట్లు బాగ పడేటియి. నేను అప్పుడూ వద్దనే అన్న. నిధుల తరలింపును ఓటుతోని, లెక్కతోని అడగవచ్చు. కత్తితోని వచ్చినోన్ని అట్ల అడిగేది లేదు. రెండిటిని కలిపితే ఇటు చరిత్ర చెడుతది, అటు మన వాదనా పలుచబడుతది.

1318ల కప్పం బాకీ పడితే ఖుస్రో ఖాన్ వచ్చిండు. ఈయన కూడ గుజరాత్ దిక్కున హిందువుగ పుట్టి మారినోడే. ప్రతాపరుద్రుడు మళ్లా ఏనుగులు, గుర్రాలు ఇచ్చిండు, బీదర్ దిక్కు కోట ఒకటి విడిచిండు, ఢిల్లీ పంపిన అంగీ తొడుక్కొని, ఢిల్లీ దిక్కు తిరిగి వంగి సలాం చేసిండు. 1320ల అదే ఖుస్రో ఖాన్ సుల్తాన్ను చంపి గద్దెనెక్కి, నిలబడటానికి ఖజానా అంత పంచిపెట్టిండు. ఆయన్ని దించి వచ్చిన గియాసుద్దీన్ తుగ్లక్‌కు మిగిలింది ఖాళీ పెట్టె. పంచిన పైసలు వాపసు అడుగుకుంట తిరిగిండు. నిజాముద్దీన్ ఔలియాను కూడ అడిగిండని చెప్తరు. ఆ సందుల ఓరుగల్లు కప్పం ఆపింది. ఖాళీ ఖజానా, ఆగిన కప్పం. ఇంక ఫౌజు రాకుంట ఉంటదా?

1321ల కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చి నెలల తరబడి ముట్టడించిండు. సుల్తాను చచ్చిపోయిండని ఫౌజుల పుకారు లేసింది, ఎక్కడోళ్లు అక్కడ విడిచి ఉరికిన్రు. ఓరుగల్లుల పండుగ. యుద్ధం అయిపోయిందనుకొని కోటల గింజలు అమ్ముకున్నరని చెప్తరు. 1323ల ఉలుగ్ ఖాన్ మళ్లా వచ్చిండు. గింజలు లేని కోట ఎన్ని రోజులు ఆగుతది? ప్రతాపరుద్రుని పట్టుకొని ఢిల్లీకి తీసుకపోతుంటే నర్మద ఒడ్డున పానం విడిచిండు. సొంత ఇచ్ఛతోనే పానం తీసుకున్నడని కలువచేరు శాసనం మాట.

తోరణాల నడుమ గుడి

ఇప్పుడు తమ్ముని ప్రశ్న కాడికొచ్చినం. కోట నడుమ స్వయంభూ శివుని గుడి ఉండె. దాన్ని కూలగొట్టిన్రు. నాలుగు తోరణాలు ఉంచిన్రు. పక్కన మసీదు కట్టిన్రు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ చేసి నాణేలు కొట్టిన్రు. రిచర్డ్ ఈటన్ లాంటి చరిత్రకారులు ఏమంటరంటే, ఈ గుడి కాకతీయ అధికారానికి గుండెకాయ, ఓడిన రాజు అధికారం ఇంక లేదని చూపటానికి రాజదేవుని గుడిని కొట్టిన్రు, అన్ని గుళ్లనూ కాదు అంటరు. దానికి సాక్ష్యం మన కండ్ల ముందటనే ఉన్నది. పాలంపేటల 1213ల కట్టిన రామప్ప గుడి నిలబడ్డది, 2021ల యునెస్కో జాబితాల ఎక్కింది. రాజులు ఒకరి దేవున్ని ఒకరు ఎత్తుకపోవుడు తుర్కులు రాకముందు నుంచీ ఉన్నది. చోళ రాజాధిరాజు చాళుక్యుల కల్యాణి గెలిచి ద్వారపాలకుని విగ్రహం పట్టుకపోయిండు, దాని మీద ఆ సంగతి చెక్కిచ్చిండు. ఇప్పటికీ తంజావూరుల ఉన్నది.

ఈ వాదన బలమైందే. కానీ ఇదే పూర్తి జవాబని నేననను. రాజుకు అది అధికార చిహ్నం కావచ్చు. పొద్దుగాల లేచి ఆ గుడికి పోయి దండం పెట్టుకునే ముసలమ్మకు అది చిహ్నం కాదు, దేవుడు. ఆమె దుఃఖాన్ని రాజకీయ శాస్త్రంతోని చిన్నగ చెయ్యొద్దు. కూలగొట్టినోళ్లు కూడ దాన్ని ధర్మకార్యమనే చెప్పుకున్నరు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె.

ఆ కాలంల మనోళ్లు ఏం రాసుకున్నరో చూద్దాం. ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం ఉన్నది. చాన కోపంతోని రాసిన శాసనం. గుళ్లు పాడైనయని ఉన్నది, అగ్రహారాలు గుంజుకున్నరని ఉన్నది. దాంతోపాటు ధనవంతులను సొమ్ము కోసం హింస పెట్టిన్రు, రైతుల పంట గుంజుకపోయిన్రు అని కూడ ఉన్నది. సంస్కృతంల బ్రాహ్మణునికి ఊరు దానం చేసే శాసనంల రైతు పంట ముచ్చట వచ్చిందంటే, ఆ గుంజుడు ఎంత గట్టిగ ఉండెనో తెలుస్తది. ఆ శాసనాలల్ల వచ్చినోళ్లను యవనులు, తురుష్కులు అన్నరు, పారసీకులు అన్నరు. ఢిల్లీ సుల్తాన్ను అశ్వపతి అన్నరు, ఒరిస్సా రాజును గజపతి అన్నరు. అంటే వాళ్ల గుర్రాన్ని, వాళ్ల జాగను చూసి పేరు పెట్టిన్రు.

కోట పడ్డంక కథ ఇంకా తిరిగింది. ప్రతాపరుద్రుని సేనాని నాగయ గన్నమ నాయకుడు పట్టుబడి, మతం మారి, మాలిక్ మక్బూల్ అయిండు. అదే ఓరుగల్లుకు అధికారిగ వచ్చిండు. తర్వాత ఫిరోజ్ తుగ్లక్ కాలంల ఢిల్లీ సల్తనత్‌కే వజీరు అయిండు. మన ఓరుగల్లు బిడ్డ ఢిల్లీ ఖజానా తాళాలు పట్టుకున్నడు. పక్కన బీదర్ సుబాను గింజల వ్యాపారి ఒకడు మూడేండ్లకు కోటి తంకాలకు గుత్త పట్టి, నుస్రత్ ఖాన్ బిరుదు తీసుకొని, అంత వసూలు కాక తిరుగుబాటు చేసిండు. గుత్తేదారు ఎత్తు పాట పాడితే చివరికి ఎవరి మీద పడుతదో మీకు చెప్పాల్నా?

1336 ప్రాంతంల కాపయ నాయకుడు తుర్కులను ఎల్లగొట్టి ఓరుగల్లు తిరిగి పట్టిండు. ఎల్లగొట్టినంక ఆయన పెట్టుకున్న బిరుదు ఏందో ఎరుకనా? ఆంధ్ర సురత్రాణుడు. సురత్రాణుడు అంటే సుల్తానే. ఆ కాపయనే 1347ల దక్కన్ అమీర్లు తుగ్లక్ మీద తిరగబడితే వాళ్లకు సాయం పంపిండు. బహమనీ రాజ్యం పుట్టింది. అదే బహమనీలు ఆయన కాడికెల్లి గోల్కొండ గుంజుకున్నరు. కడకు 1368ల ఆయనను చంపింది తుర్కులు కాదు, రాచకొండ రేచర్ల నాయకులు.

తమ్మీ, నీ ప్రశ్నల రెండిట్ల ఏదీ అబద్ధం కాదు. 1323ల గుడి కూలింది నిజం. తర్వాత రెండు వందల ఏండ్లకు గోల్కొండల తెలుగు కవులకు సుల్తానులు పల్లకీలు ఇచ్చింది నిజం. కూలగొట్టింది ఢిల్లీ ఫౌజు. నీ గల్లీల ఉన్న దూదేకుల సాయబు కాదు, నీతోని బస్సుల కూసునే దోస్తు కాదు. వాళ్ల తాతలు ఆ రోజు ఈడనే కోటల ఉండి గింజలు లేక పస్తులున్నరేమో. ఎవరు చెప్పగలరు?

అఫ్ఘాన్ల ముచ్చట

టైం తక్కువున్నది, అఫ్ఘాన్ల గురించి రెండు మాటలు చెప్పి ఆపుత. 1451ల బహలోల్ లోడీ ఢిల్లీ గద్దెనెక్కి, రోహ్ కొండలల్ల ఉన్న తన కులపోళ్లను రమ్మని కబురు పెట్టిండు. ఈడ భూములున్నయి, ఆడ బీదరికమే గదా అని. కరువు ఊరికెల్లి దుబాయి పోయినట్టు వచ్చిన్రు, కాకపోతే చేతుల కత్తి పట్టుకొని వచ్చిన్రు. 1526ల బాబరు పానిపట్టుల ఓడగొట్టింది ఆ లోడీలనే. హిందుస్థాన్‌ల నచ్చేటియి తక్కువ, బంగారం వెండి మాత్రం మస్తున్నయి అని బాబరు తన ఆత్మకథలనే రాసుకున్నడు. ఇంతకంటె నిజాయితీగ ఎవడు చెప్తడు? 1761ల అదే పానిపట్టుల అహ్మద్ షా అబ్దాలీ మరాఠాలతోని కొట్లాడిండు. మరాఠాల తోపులు నడిపింది ఇబ్రహీం ఖాన్ గార్దీ. ఆయన మన హైదరాబాదుల నిజాం కొలువుల, ఫ్రెంచి బుస్సీ కాడ పని నేర్చినోడు. అబ్దాలీ దిక్కు రమ్మన్నా పోలేదు, పట్టుబడి చంపబడ్డడు.

చాయ్ వచ్చినట్టున్నది. తాగినంక అందరం కోటకు పోదాం. ముందు మట్టికోట ఎక్కుదాం, ఖుస్రో చెప్పిన గుండు ఎందుకు ఎగిరిందో చెయ్యి పెట్టి చూడొచ్చు. తర్వాత తోరణాల నడుమ పడి ఉన్న రాళ్లు చూద్దాం. ఆడికెల్లి ఖుష్ మహల్ నాలుగడుగులు. లోపటికి వాలినట్టున్న గోడలు చూడండ్రి, అది తుగ్లక్‌ల కట్టడి. చానా ఏండ్లు దాన్ని షితాబ్ ఖాన్ కట్టిచ్చిండని చెప్పేటోళ్లు. ఆ షితాబ్ ఖాన్ అసలు పేరు సీతాపతి, 1504ల ఓరుగల్లుల దేవతలను తిరిగి నిలబెట్టినట్టు శాసనం వేయించినోడు. ఆయన ముచ్చట ఆడ నిలబడి చెప్త. కోటల తవ్వితే దొరికిన దేవుళ్ల బొమ్మలు ఇప్పుడు ఆ ఖుష్ మహల్ లోపటనే పెట్టిన్రు. తమ్మీ, నువ్వు నా పక్కన నడువు, ఇంకేమన్న అడిగేది ఉంటే తొవ్వల అడుగు.